వసపిట్ట నోరు విప్పని భాగం

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేస్తే బావగారు ఎత్తి "మీ అక్క పడుకుంది" అన్నారు. పొద్దున పదింటికి నువ్వు పడుకోవడమేమిటి? మొన్నా అదే మాట. సరే, ఉత్తరమే రాద్దామని కూర్చున్నాను. కూర్చున్నాననడం పేరుకే. ఈ నాలుగు ముక్కలకే రెండుసార్లు లేచి కిటికీ తీసి మూశాను.

సంగతేమిటంటే, మన కార్టూన్ సీరియల్‌ని మళ్ళీ మొదటి నుంచీ చూపిస్తారట. గొడుగులు బాగుచేసే తాబేలు, దాన్ని ఒక్క వాక్యమూ పూర్తి చెయ్యనివ్వని వసపిట్ట. మాటలు నావి, పిట్ట గొంతు నీది. పదకొండేళ్ళ తర్వాత కంపెనీవాళ్ళే నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకి వచ్చారు. అప్పుడు నేను బట్టలుతికే మిషను వాడే విధానం పుస్తకం రాస్తూ ఏడో పేజీలో ఉన్నాను. అందరూ వింటుండగా "ఆ ముప్పై ఏడో భాగం రాసింది మీరేనా?" అన్నారు. తల తీసేసినట్టయింది. ముప్పై ఆరు భాగాలు కడుపుబ్బ నవ్వించాను. అవి ఒక్కరికీ గుర్తులేవు.

ఆ భాగం బాగుచేసి ఇస్తే నాచేత కొత్త సీరియల్ రాయిస్తారట. లేదంటే దాన్ని పీకేసి మిగతావి వేసుకుంటారు, నాతో సంతకం తప్ప పనిలేదు. దాంతో గుండె రాయి చేసుకుని మళ్ళీ చూశాను. ఇరవై రెండు నిమిషాలు తాబేలొక్కటే వాగుతుంది. పిట్ట ముక్కు తెరుస్తుంది, మూస్తుంది. పైగా మాటిమాటికీ రెక్క కొనతో గొంతు నొక్కుకుని గుటక వేస్తుంది. ఆ గుటకలు నేను రాయలేదు. బొమ్మలాయన సొంత పైత్యం. టీవీ పాడైందనుకుని దాని నెత్తిన కొట్టామని జనం ఉత్తరాలు రాశారు, గుర్తుందా? మూడు వారాల్లో సీరియల్ ఆపేశారు.

ఇన్నేళ్ళు నీకు కూడా చెప్పని మాట ఒకటి చెప్పాలి. పత్రికవాళ్ళతో అది నా ప్రయోగమని కోతలు కోశాను కదా. ప్రయోగమూ లేదు, పాడూ లేదు. మన పద్ధతి నీకు తెలిసిందే. పైకి పలకాల్సిన మాట పక్కన మార్జిన్‌లో 'మా.' అని రాస్తాను. మనసులో అనుకుని మొహంలో మాత్రమే చూపించాల్సిన దాని పక్కన 'మౌ.' అని. ఆ వారం మా ఆవిడ పురిటికి ఆసుపత్రిలో ఉంది. రెండు రోజులు నిద్రలేకుండా వరండాలో కూర్చుని రాశాను. నిద్రమత్తులో పిట్ట మాటలన్నిటికీ 'మా.' బదులు 'మౌ.' పెట్టేశాను. అంతే, నా చేతి తప్పు. ఒప్పుకోవడానికి మొహం చెల్లక ప్రయోగమన్నాను.

ఇప్పుడు ఆ మాటలన్నీ నువ్వు పలికేస్తే చాలు, ఒక్క పూట పని. ఎప్పుడొస్తావు?

నీ కుదురులేని తమ్ముడు

* * *

ప్రియమైన తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం కదా, ఎవరేం రాసినా నాలుగుసార్లు చదవడం అలవాటైపోయింది. రెండు చోట్ల దీర్ఘాలు మింగావు, దిద్దుకో.

మా ఇంట్లో ఫోన్ సరిగ్గా పలకడం లేదు. నువ్వు మళ్ళీ మళ్ళీ చేసి బావగారిని విసిగించకు, ఉత్తరాలే రాయి.

ఆ భాగాన్ని అలా వదిలెయ్యరాదూ? పీకేస్తే పీకేసుకోనీ. ఇప్పుడు నా గొంతు పాత పిట్టతో కలవదు. వయసొచ్చింది.

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. అది నీ చేతి తప్పేనని ఇన్నేళ్ళూ నిజంగా నమ్మావా? నీకు ఇంకేమీ అనిపించలేదా?

అక్క

* * *

ప్రియమైన అక్కకి,

నమ్మక ఏం చేస్తాను? జిరాక్సు కాగితాల మీద 'మౌ.' నల్లగా కనబడుతుంటే! అసలు కాగితాలు ఎక్కడో పోయాయని నువ్వే అన్నావు.

గొంతు కలవదని సాకులు చెప్పకు. నీ గొంతు నాకు తెలియదా? చిన్నప్పుడు నా వీపు మీద ఒక్కటిచ్చి, అమ్మ గొంతుతో నువ్వే నన్ను ఓదార్చేదానివి.

పది రోజులుగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఆఫీసులో మిషను పుస్తకంలో "నీళ్ళు నిండాక మూత తెరవండి" అని రాసి చీవాట్లు తిన్నాను. నిన్న అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ భాగం చూపించాను, పదకొండేళ్ళ పిల్ల అయినా నవ్వుతుందేమోనని. నవ్వలేదు. "నాన్నా, పిట్టకి గొంతు నొప్పా?" అంది. అదీ నా హాస్యం సంగతి!

ఇరవై రెండో తారీకుకి రికార్డింగు గది మాట్లాడేశాను. ముందు రోజు వచ్చి నిన్ను నేనే వెంటబెట్టుకు వెళతాను. బట్టలు సర్దుకో.

తమ్ముడు

* * *

తమ్ముడూ,

రావద్దు. నేను ఆ గదిలోకి రాను. ఎందుకని అడక్కు.

అక్క

* * *

అక్కా,

అడక్కుండా ఎలా ఉంటాను? ఇరవై రెండు వచ్చింది, వెళ్ళింది. ఖాళీ గదిలో మైకు ముందు ఒక్కణ్ణే గంటసేపు కూర్చుని వచ్చాను. కంపెనీవాళ్ళు పై వారం శుక్రవారం దాకా గడువిచ్చారు.

నీకేం? ఆ భాగంలో నువ్వు ఒక్క మాటైనా మాట్లాడలేదు కాబట్టి నిన్నెవరూ ఏమీ అనలేదు. పడింది నేనొక్కణ్ణే. ఆ తర్వాత ఎవరి గుమ్మం ఎక్కినా ముప్పై ఏడో భాగమే నాకంటే ముందు వెళ్ళి కూర్చునేది. నాకింకో అవకాశం రాదు. ఒక్క పూట నోరు విప్పమన్నాను. అదీ బరువైందా?

తమ్ముడు

* * *

ప్రియమైన తమ్ముడికి,

దీంతోపాటు పంపిన కట్ట తర్వాత విప్పు. ముందు ఇది చదువు.

కట్టలో ముప్పై ఏడో భాగం అసలు కాగితాలు ఉన్నాయి. పోయాయని చెప్పాను కానీ పోలేదు. నువ్వు రాసింది నల్ల సిరా. పిట్ట మాటల పక్కనున్న ప్రతి 'మా.' పైనా నీలం సిరాతో ఒక మెలిక కనిపిస్తుంది. ఆ మెలికలు నావి. మొత్తం యాభై రెండు.

ఆ కాగితాలు జిరాక్సు తీయించి అందరికీ పంచమని నాకే పంపావు. ఆ పొద్దున లేచేసరికి నాకు గొంతు రాలేదు. లోపల కాయలేచింది, వారం రోజులు నోరు విప్పొద్దని డాక్టరు అన్నాడు. స్టూడియోలో చెబితే నా చోట కూర్చోబెట్టడానికి ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉంది. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, అడగడానికి లేదు. జిరాక్సు కొట్టు బల్ల దగ్గర నిలబడి నీ దీర్ఘాలన్నిటినీ ఔత్వాలు చేశాను. స్టూడియోకి వెళ్ళి "ఇవాళ నాకూ మౌనమే" అని చీటీ రాసి చూపిస్తే అందరూ నవ్వారు. దర్శకుడు "మీ తమ్ముడికి పిచ్చి ముదిరింది" అన్నాడు.

మొహంతో నటిస్తూ మైకు ముందు నిలబడ్డాను. బొమ్మలాయన ఎప్పటిలాగే అద్దం అవతల కూర్చుని నన్ను చూసి గీసుకున్నాడు. ఆ గుటకలు ఆయన పైత్యం కాదురా. నొప్పికి నేను వేసినవి.

చెప్పాలనే అనుకున్నాను. అంతలో నువ్వు పత్రికలో "కావాలనే చేశాను" అన్నావు. అది చదివి ఏడ్చాను. తమ్ముడికి తెలిసిపోయింది, నన్ను కాపాడుతున్నాడు అనుకున్నాను. ఇక మనిద్దరి మధ్యా పైకి అనుకోనక్కర్లేని సంగతి అనుకున్నాను. పదకొండేళ్ళు అదే ధైర్యంతో బతికాను. నీ మొదటి ఉత్తరం వచ్చేదాకా.

ఇప్పుడైనా వచ్చి పలికేదాన్నే. రెండు నెలల క్రితం ఆ కాయ మళ్ళీ లేస్తే ఆపరేషన్ చేశారు. ఈసారి గాలి వస్తోంది గానీ మాట రావడం లేదు. ఫోన్ బాగానే ఉంది. పలకనిది నేనే. నువ్వు కంగారుపడి పరిగెత్తుకొస్తావని బావగారిచేత అబద్ధాలు చెప్పించాను.

ఈ కాగితాలు తీసుకెళ్ళి కంపెనీవాళ్ళకి చూపించు. తప్పు నీది కాదని తెలియనీ. నీ పేరు బాగుపడితే నాకంతే చాలు.

అక్క

* * *

ప్రియమైన అక్కకి,

నీ కట్ట వచ్చాక మూడు రోజులు నీ మీద కోపంతో ఊగిపోయాను. యాభై రెండు మెలికలూ వేలితో లెక్కపెట్టాను. ఒక్క ముక్క, అక్కా, ఒక్క ముక్క చెప్పలేకపోయావా? నేను మిషను పుస్తకాలు రాసుకుంటూ కూర్చోవడం చూస్తూ కూడా? నేనూ తక్కువవాణ్ణి కాదులే. 'నా తప్పు' అని అప్పుడే నీతో అని ఉంటే నువ్వూ 'కాదు, నాది' అనేదానివి.

నాలుగో రోజు ఆ భాగం మళ్ళీ చూశాను. తాబేలు మాటలు చెవికెక్కలేదు. పిట్టనే చూశాను. నొప్పెడితే నువ్వు ఎడమ కనుబొమ్మ ఎగరేస్తావే, గొంతు నొక్కుకునే ముందు పిట్టా అలాగే ఎగరేసింది. పదిహేడో నిమిషంలో ముక్కు తెరిచి, ఒక్క క్షణం ఆగి, తల అడ్డంగా ఊపి మూసుకుంటుంది. ఆ చోట లేచి బయటికి వెళ్ళిపోయాను. మా అక్క అంత బాధపడుతుంటే అది చూసి హాస్యం పండలేదని ఏడ్చాను కదా నేను! చిన్నపిల్లకి ఒక్కసారికే తెలిసింది.

శుక్రవారం కట్ట సంచిలో పెట్టుకుని కంపెనీకి వెళ్ళాను. తీసి చూపిస్తే నా పని జరిగిపోయేది. సంచి ఒళ్ళో పెట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాను, చెయ్యి లోపలికి పోలేదు. నిన్ను నలుగురి నోళ్ళలో పెట్టి నా పేరు బాగుచేసుకోలేను. ఆ భాగానికి కొత్తగా మాటలు పెట్టనన్నాను. మిగతా భాగాలకి నా సంతకం కావాలంటే ముప్పై ఏడు ఉన్నది ఉన్నట్టు వెయ్యాలన్నాను. ఇంకోటి కూడా అడిగాను. ఆ వారం పిట్ట మాట్లాడలేదని చివర వేసే పేర్లలో నీ పేరు తీసేశారు. అది మళ్ళీ పెట్టాలన్నాను. "మాట్లాడని దానికి పేరెందుకండీ?" అన్నారు. "నటించింది కాబట్టి" అన్నాను. సణుక్కుంటూ ఒప్పుకున్నారు.

కొత్త సీరియల్ గురించి ఆలోచించి చెబుతామన్నారు. ఆ మాటకి అర్థం మనిద్దరికీ తెలుసు. సోమవారం నుంచి నీళ్ళ మోటారు వాడే విధానం మొదలుపెట్టాలి. బాధ లేదంటే అబద్ధం.

కోపం కూడా పూర్తిగా పోలేదు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను, పోట్లాడటానికే. కాగితాలు, కలం దగ్గర పెట్టుకో. నువ్వు రాసింది రాసినట్టు నేను గట్టిగా చదువుతాను, నన్ను తిట్టినా సరే. ఇన్నేళ్ళు నా మాటలు నువ్వు పలికావు. ఇక నీవి నేను పలుకుతాను.

నీ తమ్ముడు