ముల్లు నిలవడం లేదు

మార్చి 3, ఆదివారం

నా దస్తూరి బాగుండదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. ఇది చదివేవాళ్లెవరూ లేరు, అయినా ముందే క్షమించమనడం మర్యాద. పల్లె బడిలో అయిదు వరకే చదివాను. ఆ తర్వాతంతా స్టీరింగే.

లారీ కొత్త రంగుతో ఇంటికొచ్చింది. అల్లుడుగారే వేశారు. గోడలకు రంగులు వేయడం ఆయన పని. ఇక అది మానేసి నా లారీ నడుపుతారు. హెవీ లైసెన్సు వచ్చింది. నా కళ్లకు ఎదురు బండి లైట్లు పువ్వుల్లా విచ్చుకుంటున్నాయి, నేనిక నడపలేను.

పాత డీజిల్ బండి. గుర్తుపట్టలేకపోయాను. చాలా బాగుంది. ఆ మాట ఆయనతో అనలేదు.

మార్చి 4

స్టార్ట్ చేస్తే వోల్ట్ మీటర్ ముల్లు ఆడుతోంది. ఇరవై ఎనిమిది దగ్గర నిలవాలి. ఇండికేటర్ వేస్తే దానితోపాటు పడి లేస్తోంది. హెడ్‌లైట్లు కన్ను కొడుతున్నాయి. శుక్రవారం అల్లుడుగారి మొదటి లోడు. చీకట్లోనే కొండ దిగాలి. వంపులో లైట్లు పోతే?



మార్చి 5

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బెల్టు బిగించాడు, చార్జింగ్ అదుపు చేసే కటౌట్ మార్చాడు. ముల్లు ఆడుతూనే ఉంది. అయితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటరే పోయిందన్నాడు. పోతూపోతూ అల్లుడుగారితో, రంగు మాత్రం అదిరింది సార్, బండి రోడ్డు మీద ఆగిపోయినా చూడ్డానికి బాగుంటుంది అన్నాడు. అల్లుడుగారు నవ్వలేదు. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచారు.

మా అమ్మాయి అది చూసింది. తర్వాత నన్ను చూసింది.

సాయంత్రం

ఆల్టర్నేటర్ మంచిదే. దాని చప్పుడు నాకు తెలుసు.

మార్చి 6, పొద్దున

నేనే చూశాను. ఇంజిను నడుస్తుండగా, లైట్లు వేసి, చేతి మీటరు వైరు ఒకటి బ్యాటరీ మైనస్‌కి, రెండోది చాసిస్‌కి పెట్టాను. సున్నా దగ్గర ఉండాలి. రెండు వోల్టులు చూపించింది, అదీ ఊగుతూ. అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారిలో ఏదో అడ్డం. బ్యాటరీ మైనస్‌ని చాసిస్‌కి కలిపే ఎర్త్ పట్టీ బోల్టు విప్పాను.

బోల్టు కింద నీలం రంగు. రెండు కోటింగులు. నున్నగా, అద్దంలా.

ఎక్కడా తుప్పు మిగలకూడదని పట్టీ విప్పి, దాని కింద కూడా రంగు వేసి, మళ్లీ బిగించారన్నమాట. ఇంత శ్రద్ధ ఎవరు పెడతారు? కానీ రంగులోంచి కరెంటు పోదు.

ఉన్నదున్నట్టు బిగించేశాను.

మధ్యాహ్నం

గుట్టుగా గీకేసి ఊరుకోవచ్చు. కానీ దారిలో మళ్లీ ఆడితే ఏం చూడాలో ఆయనకు తెలియదు. చెబితే తప్పు పట్టినట్టుంటుంది. పెళ్లయినప్పటి నుంచి రండి, కూర్చోండి, వెళ్లొస్తారా, ఇంతే మా మాటలు. నోటి నిండా మీరు, గారు. నేను గదిలోకొస్తే ఆయన లేచి నిలబడతారు.

మా ఆవిడకు చెప్పాను. పడీపడీ నవ్వింది. పెళ్లిచూపుల్లో కూడా సిగ్గుపడింది మీరిద్దరే, అమ్మాయే నయం అంది. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా, బండి లోయలో పడ్డాక చెబుతారా అంది. ఆ మాటకు ఆవిడ నవ్వు కూడా ఆగిపోయింది.

మార్చి 7

చెబుదామని అల్లుడుగారి దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మంచినీళ్లడిగి వచ్చేశాను. రెండోసారి ఆయన లేచి నిలబడ్డారు. కూర్చోమని చెప్పి వచ్చేశాను.

సాయంత్రం

గరుకు కాగితం తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. బోల్టు విప్పి చూపించాను. రంగు చాలా బాగుందండీ, ఇక్కడ మాత్రం వద్దు, ఇక్కడ ఇనుముకి ఇనుము తగలాలి అన్నాను. 

ఆయన ముఖం ఎర్రబడింది. బోల్టును తిప్పి తిప్పి చూశారు. చెడిపోయింది వ్యవహారం అనుకున్నాను. అప్పుడు మెల్లగా, మామయ్యగారూ, ఇంకో మూడు చోట్ల కూడా ఇలాగే వేశానండీ అన్నారు.

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకూ ఆగలేదు. ఇంజినుకి ఒకటి, హెడ్‌లైట్లకి రెండు. నేనొక్కణ్నే గుట్టుగా గీకి ఉంటే ఆ మూడూ అలాగే కొండెక్కేవి. 

ఇద్దరం బండి కింద పడుకుని ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాం. అమ్మాయి వంగి చూసి, కింద మాటలు వినిపిస్తున్నాయేంటి, రేడియో గానీ పెట్టారా అంది.

ముల్లు ఇరవై ఎనిమిది దగ్గర నిలబడింది.

మార్చి 8, శుక్రవారం

లోడుతో వెళ్లారు. ముల్లు నిలిచింది, నేనే నిలవలేకపోతున్నాను. గేటు దాకా, వంటింటి దాకా, మళ్లీ గేటు దాకా. కూర్చోండి, గచ్చు అరిగిపోతుంది అంటోంది మా ఆవిడ. తనూ కూర్చోలేదు.

మార్చి 9, తెల్లవారింది

అల్లుడుగారికి ఈ కింది నాలుగు ముక్కలు ఫోన్‌లో కొట్టి పంపేశాను. పంపాక చూసుకుంటే మీరు అనడం మరిచిపోయాను.

తప్పులుంటే ఏమీ అనుకోకు. కొండ దిగావా? లైట్లు ఎలా ఉన్నాయి? వెంటనే జవాబు రాయి నాయనా.