జేబుల్లేని కోట్లు

పూజ్యురాలైన అత్తయ్యకి,

మేనల్లుడు నమస్కరించి రాసేది. ఇక్కడ అంతా క్షేమం అని రాద్దామనే కూర్చున్నాను గానీ, కలం ఒప్పుకోవడం లేదు.

నేను హెడ్మాస్టరునై మూడు నెలలైనా అది ఇంకా తాత్కాలికమే. నెలాఖరున తనిఖీ అధికారి వస్తారు. ఆయన సంతకం పెడితే నా కుర్చీ ఖాయం, లేకపోతే ఊడినట్టే. ఆయన షరతు ఒక్కటే: టీచర్లందరూ ఒకేలాంటి కోటు వేసుకోవాలి. బూడిద రంగు, అయిదు గుండీలు, జేబు మాత్రం ఒక్కటీ ఉండకూడదు. జేబులుంటే వాటిలో నానా చెత్తా కుక్కుకుని టీచర్లు మూటల్లా కనిపిస్తారట. ఆయన కిందున్న మిగతా బళ్ళలో రెండేళ్ళుగా ఇదే రూలు. ఆయనా అదే కోటు వేసుకుంటారు.

మా బడి మీద ఆయన కన్ను ఎందుకు పడిందంటే, పోయిన నెల ఒక పిల్లాడి తల్లి వచ్చి, తోటమాలినే లెక్కల మాస్టారనుకుని అరగంట మాట్లాడి వెళ్ళింది.

కోటు మాట ఎత్తగానే డ్రిల్లు మాస్టారు "మేమేమన్నా పోస్టు డబ్బాలమా, అందరికీ ఒకే రంగు కొట్టడానికి?" అని లేచాడు. తొమ్మిదిమంది కొలతలు తీసేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ కాగితం జతచేశాను. నువ్వే కుట్టాలి. నీ చెయ్యి పడితే ఎవరూ వంక పెట్టలేరు.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క. తోటమాలి ఆ తల్లికి చెప్పిన సలహా ఇదీ: "రోజూ పీకి వేళ్ళు చూస్తే ఏ మొక్కా ఎదగదమ్మా, కొన్నాళ్ళు వదిలెయ్." పిల్లాడు పాసయ్యాడు. లెక్కల మాస్టారు తోటమాలితో మాటలు మానేశాడు.

*

ఒరేయ్ కుర్చీ ఖాయం కాని హెడ్మాస్టరూ,

ఆశీస్సులు. నువ్వు పంపింది కొలతల కాగితం కాదురా, కట్టుకథల పుస్తకం. దీని ప్రకారం మీ బళ్ళో పొట్ట ఉన్నవాడే లేడు. డ్రిల్లు మాస్టారి ఛాతీ మా కొట్టు గుమ్మంలో పట్టదు. ఒకావిడ 'పెళ్ళినాటి కొలతే' అని రాసింది, పెళ్ళయి ఎన్నేళ్ళయిందో రాయలేదు.

నలభై ఏళ్ళుగా మిషను తొక్కుతున్నాను. టేపు పెడితే ఊపిరి బిగబట్టి అబద్ధమాడతారు, పాత బట్ట మాత్రం ఆడదు. ఒక్కొక్కరూ రోజూ బడికి తొడుక్కునేది ఒకటి పంపమను. ఉతక్కుండా పంపమను. ఎక్కడ సాగిందో ఎక్కడ అరిగిందో చూస్తే తప్ప నేను కత్తెర ముట్టను. నీదీ పంపు.

జేబుల్లేని కోటేమిట్రా, నా మొహం!

ఇట్లు,
అత్త

తా.క. లెక్కల మాస్టారి మెడ ముప్ఫై ఆరు, నడుము పదిహేను అని రాసుంది. లెక్కలు చెప్పేది ఈయనేనా? ఆ తల్లి సరైన మనిషి దగ్గరికే వెళ్ళింది.

*

అత్తయ్యకి నమస్కారం.

కొంప మునిగింది. 'అందరూ ఉతకని పాత బట్ట ఒకటి ఆఫీసులో అప్పగించవలెను' అని నోటీసు పెట్టాను. ఎందుకో రాయడం మరిచిపోయాను. అధికారి ఆ బట్టల్ని పరీక్ష చేయించి, ఎవరేం వెలగబెడుతున్నారో కనిపెడతాడని పుకారు లేచింది.

తెల్లారేసరికి నా బల్ల మీద బట్టలకు బదులు క్షమాపణ పత్రాలు! ఆరో పీరియడులో కునుకు తీస్తున్న మాట నిజమేననీ, గురక మాత్రం పెట్టననీ సోషలు టీచరు రాసింది. ప్రయోగశాల దీపం మీద టీ కాచుకుంటున్నానని సైన్సు మాస్టారు ఒప్పుకున్నాడు. ఆ టీ రోజూ నాకూ పోస్తున్నాడు, అత్తయ్యా! లెక్కల మాస్టారైతే 'నాకే పాపమూ తెలియదు, చేసిందంతా తోటమాలే' అని రాశాడు. ఏం చేశాడో రాయలేదు.

బతిమాలితే చివరికి బట్టలిచ్చారు. ఒకటో తరగతి టీచరు ఒక్కావిడే ఒంటి మీది కోటు ఉన్నపళంగా విప్పి ఇచ్చింది, మిగతావన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, పైన అత్తరు కూడా చల్లి ఇచ్చారు. నాదీ ఉతక్కుండానే కలిపి పంపుతున్నాను. త్వరగా కుట్టు, నీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క. డ్రిల్లు మాస్టారు ఇచ్చింది కొత్త చొక్కా. ధర చీటీ పీకడం కూడా మరిచిపోయాడు.

*

ఒరేయ్ అబ్బాయీ,

ఆశీస్సులు. నోటీసంటే అలా రాస్తార్రా? మంచి పని చేశావు!

ఉతికితే మురికి పోతుంది గానీ అరుగుదల పోతుందా? సోషలు టీచరు కుడి మోచెయ్యి అరిగి మెరుస్తోంది, అది కునుకు. ఎడమ భుజం సంచీ పట్టీకి కోసుకుపోయింది, అది ఇంటికి మోసే పేపర్ల కట్ట. నిద్రపోనీ పాపం, ఏమీ అనకు.

ఒకటో తరగతి టీచరు కోటు చూసి మాత్రం మిషను ఆపేశాను. అంచులు రెండు పక్కలా సాగిపోయాయి. పిల్లలు పట్టుకు వేలాడతారన్నమాట. జేబులో రెండు చాక్‌పీసులు, ఎవరిదో గుండీ, కాగితంలో చుట్టిన పాలపన్ను. కాగితం మీద 'బుజ్జిదానిది, సాయంత్రం వాళ్ళమ్మకివ్వాలి' అని రాసుంది. జేబు లేకపోతే ఆ పన్ను ఎక్కడ పెట్టుకుంటుందిరా, నోట్లోనా?

నీ కోటూ చూశాను. హెడ్మాస్టరైన రోజున నేను కుట్టి పంపిందే. చేతుల మీద చాక్‌పొడి మచ్చుకైనా లేదు. కూర్చునే చోటు మాత్రం జల్లెడైంది. మూడు నెలల్లో ఒక్క క్లాసులో అడుగుపెట్టలేదా? నాకు ఏడుపొచ్చిందిరా. పాఠం చెప్పకపోతే అన్నం సహించని పిల్లాడివి, ఏమైపోయావు?

తొమ్మిది కోట్లూ పంపుతున్నాను. పైకి అధికారి అడిగినట్టే ఉంటాయి. లోపలి సంగతి తొడుక్కున్నవాళ్ళు చూసుకుంటారు.

ఇట్లు,
అత్త

తా.క. పన్ను తిప్పి పంపుతున్నాను. ఆలస్యానికి వాళ్ళమ్మని ఏమీ అనుకోవద్దని చెప్పు. నీకు కోటు కుట్టలేదు.

*

అత్తయ్యకి,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండి బల్ల మీద పడేశాను. అటెండరు దాన్ని స్టాఫురూములో పైకి చదివాడు. అంతే, కోటు వద్దన్నవాళ్ళంతా ఎగబడి తొడుక్కున్నారు. ఉత్తరాన్ని నోటీసు బోర్డుకి అతికించారు.

అధికారి మొన్న వచ్చారు. వరసగా తొమ్మిది కోట్లు చూసి మురిసిపోయారు. సంతకానికి కలం మూత కూడా తీశారు. సరిగ్గా అప్పుడే ఒకటో తరగతి పిల్ల ఒకతె తుమ్మింది. టీచరు కోటు లోపలికి చెయ్యి పోనిచ్చి రుమాలు తీసింది.

"ఎక్కణ్ణుంచొచ్చిందది?" అన్నారాయన. అన్ని కోట్లూ విప్పించారు. ముప్ఫై ఒక్క జేబులు, అత్తయ్యా! డ్రిల్లు మాస్టారి దాంట్లో ఈల, సైన్సు మాస్టారి దాంట్లో టీ పొడి. ఆయన కలానికి మూత పెట్టేశారు.

నాకు తెలియదని చెప్పొచ్చు, నీ 'లోపలి సంగతి' ఏమిటో నిజంగానే తెలియదు. కానీ ఆ టీచరు బిక్కమొహం చూశాక నోరు ఆగలేదు. "నేనే పెట్టించాను సార్, జేబులు ఉండాలి" అన్నాను. ఎందుకుండాలన్నారు. నీ ఉత్తరం చూపించాను. రెండుసార్లు చదివి, తన మోచేతులు ఓసారి చూసుకున్నారు.

"నేనూ పంతుల్నే. ఇప్పటికీ ఏ బడికెళ్ళినా ఒక పీరియడు చెబుతాను. నా కోటు పంపిస్తా. అది టీచరు కోటేనని మీ అత్తయ్య నాకు రాస్తే సంతకం పెడతా, జేబులూ ఉంచుకోండి. కాదంటే మీరూ ఉండరు, జేబులూ ఉండవు" అన్నారు.

పార్సిలు ఇవాళ వచ్చింది. విప్పే ధైర్యం లేక అలాగే పంపుతున్నాను. మా బళ్ళో ఆయన ఏ పీరియడూ చెప్పలేదు, అత్తయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటాను, జన్మలో ఒక్క అబద్ధం ఆడు.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క. నిన్న ఒకటో తరగతికి రెండు పీరియడ్లు చెప్పాను. నా చొక్కా పాడైపోయింది. రేపూ వెళ్తున్నాను.

*

ఒరేయ్ నా తండ్రీ,

ఆశీస్సులు. అబద్ధమాడే అవసరం రాలేదు. అలాంటి కోటు నేను ఈ మధ్య చూడలేదు. కుట్టుకుట్టులో చాక్‌పొడి, సాగిన అంచులు, భుజం మీద పిల్లల ముక్కుల మరకలు. 'ఈ కోటు తొడుక్కున్నవారు అసలు సిసలైన టీచరు' అని అధికారికి రాసి, కోటు తిప్పి పంపాను. అక్షరం అబద్ధం లేదు.

ఒక్క సంగతి మాత్రం రాయలేదు. మగవాళ్ళ కోటుకి గుండీలు కుడి పక్కన కుడతాం, ఆడవాళ్ళ కోటుకి ఎడమ పక్కన. దీనికి ఎడమ పక్కనున్నాయి.

నిన్న ఆయన భార్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడ వేరే బళ్ళో రెండో తరగతి టీచరట. కోటు కోసం ఇల్లంతా గాలించి, నాలుగు రోజులు మామూలు బట్టల్లో వెళ్ళి, మొగుడి కింద పనిచేసే ఆఫీసు నుంచే సంజాయిషీ నోటీసు అందుకుందట. అంతలో నా పార్సిలు ఆవిడ చేతికే చిక్కింది. ఆయన్ని కూర్చోబెట్టి నీ ఉత్తర్వు మీద సంతకం పెట్టించి, తన చేత్తోనే పోస్టులో వేసిందట. నీ కుర్చీ ఖాయంరా. అందులో ఎక్కువసేపు కూర్చోకు.

ఇట్లు,
అత్త

తా.క. ఆవిడ కోటు లోపల తనే కుట్టుకున్న జేబులు అయిదున్నాయి. అయిదోది ఆయన కళ్ళజోడుకట. ఆయన కోటుకి జేబుల్లేవు కదా, ఇద్దరూ కలిసి ఎక్కడికెళ్ళినా ఆవిడే మోస్తుంది. అది ఎక్కణ్ణుంచి తీసిస్తోందో రెండేళ్ళలో ఆయన ఒక్కసారీ అడగలేదట.