పేరు చెప్పినా

చెల్లి శివకుమారికి,

ఫోన్ చేస్తే పెట్టేస్తాండావు, అందుకే రాస్తాండా. నన్ను ఆసుపత్రికి వచ్చి మీ ఇంటాయన మహానందిని చూడనియ్యి. నా మొగుణ్ణి కాపాడుకుంటానని నన్ను అనుకోవద్దు.

పొగ తగ్గించాలని సిమెంటు ఫ్యాక్టరీలో బొగ్గు బదులు శనక్కాయ పొట్టు కాలుస్తాండారు గదా. ఆ పని మహానందికి అప్పజెప్పినప్పటి నుంచి మా బొగ్గు లారీలు కదల్లేదు. "తోడల్లుడై ఉండి నా కూడు తీసినాడు" అని మీ బావ రగిలిపోతాండె.

ఆ పొద్దు నేను మీ బావకు సద్ది తీస్కపోతే, ఫ్యాక్టరీ గేటు కాడ మహానందిని కింద పడేసి ఇనుప రాడ్డుతో మోకాళ్లు పగలగొడతాండాడు. "అన్నా, ఇంగ సాలన్నా" అని మహానంది అడుక్కుంటాండాడు. అడ్డం పడితే నా చెయ్యి గూడా విరిగింది. అయినా ఆపలేదు.

పోలీసులొచ్చి అడిగితే చూసినోళ్లందరూ తలకాయలు దించుకున్న్యారు. నేనే స్టేషనుకు బయల్దేరినా. "పోతే మళ్లా ఈ గడప తొక్కొద్దు" అన్న్యాది మా అత్త. పోయినా.

"కొట్టిందెవరమ్మా?" అన్న్యాడు ఎస్సై.

"మా ఇంటాయన."

"పేరు చెప్పల్ల."

మొగుని పేరెత్తితే ఆయుష్షు తగ్గుతాదని అమ్మ మనకు చెప్పింది. పెండ్లయినప్పటి నుంచి నా నోట రాని పేరది.

వీరభద్ర అని చెప్పినా.

మీ అక్క