బుధవారం నువ్వు ఇవ్వాల్సిన రక్తం

ఎలియోడోరో,

మీ అక్క ఆపరేషన్ వారం వాయిదా పడింది నీ వల్లే. రక్తం ఇవ్వడానికి పోతూ దారిలో పందిమాంసం వేపుడు తిన్నావు. రక్తంలో కొవ్వు తేలుతోందని ఆసుపత్రి వాళ్ళు నిన్ను తిప్పి పంపారు. ఆ వారంలోనే ఆమె కిడ్నీలోని చీము ఒళ్ళంతా పాకింది. ఆమెను శవపెట్టెలో ఇంటికి తెచ్చుకున్నాం.

ఇప్పుడు నాదీ ఒక కిడ్నీ చెడింది, తీసేస్తున్నారు. పొద్దుటి లారీలో కోచబాంబా పట్నం ఆసుపత్రికి పోతున్నాను. డాక్టరమ్మ ఇలా చెప్పింది: "తాతా, నాలుగు చిన్న కన్నాలు పెట్టి తీయడానికే చూస్తాను. అలా వస్తే మూడో రోజు ఇంటికి పోతావు. చుట్టూ అతుక్కుపోయి ఉంటే మాత్రం నడుం పక్కన పెద్దగా కోసి తీయాల్సిందే. అప్పుడు రక్తం చాలా పోతుంది. ఇద్దరు రక్తం ఇచ్చినట్టు కాగితాలు చూపిస్తేనే మొదలుపెడతాను."

పక్కింటి కసియానో ఇచ్చేశాడు. రెండోవాడివి నువ్వు. గ్రూపు కలవకపోయినా తీసుకుంటారు. బుధవారం పొద్దున ఎనిమిదింటికల్లా ఆసుపత్రికి రా. ఆ పొద్దున రొట్టె, టీ చాలు. మంగళవారం నుంచే వేపుళ్ళూ మొక్కజొన్న కల్లూ మానెయ్. "ఖాళీ కడుపుతో కళ్ళు తిరుగుతాయి బావా" అని మళ్ళీ అనకు.

గొర్రెలను కసియానో పెళ్ళాం తోలుకుపోతుంది. కుండలో ఉడికించిన బంగాళాదుంపలు ఉన్నాయి, తిను.

నీ బావ

ఇంకో మాట. నీ బదులు వేరేవాళ్ళను అడగగలను. అడగలేదు. నువ్వు వచ్చినా రాకపోయినా మీ అక్క సంగతి నీ దగ్గర ఇక ఎత్తను. నువ్వూ ఎత్తకు.