బాపు సాంచ కింద గోమార్లు

తమ్మీ శ్రీశైలం,

జగిత్యాల ధర్నాకు పోతున్న, రేపు వస్త. లేవంగనే మోతిని డాక్టరిచ్చిన షాంపుతోని రుద్ది, పది నిమిషాలు ఆగి కడుగు. పత్తికి కొట్టే మందు కొట్టకు, కుక్క సస్తది.

తర్వాత బాపు బట్ట నేసిన సాంచ అర్ర తాళం తియ్యి. కింద పేరుకున్న నూలు దుమ్మంత ఊడ్చి కాలవెట్టి, డాక్టరిచ్చిన పొడిమందు చల్లు. మోతి రక్తం తాగే గోమార్లు పుట్టేది గా దుమ్ములనే, మోతి కిటికీల నుంచి దూరి పండేది గక్కడనే. బాపు పోయినకాన్నుంచి "అర్ర ముట్టొద్దక్కా" అని ఏడుస్తవు. నీ ఏడుపుకు కుక్క రక్తం పోతుంది.

నిన్న మాపటికి గోమార్లు దుంకి పడతయని గా అర్రల సబ్బునీళ్ల పళ్లాలు రెండు పెట్టిన. పొద్దున చూస్తే మోతి పండే మూలకున్న పళ్లెంల ఒక్క గోమారి లేదు. బాపు నిలవడి నేసీ నేసీ అరిగిపోయిన బండ మీది పళ్లెం నల్లగ నిండింది. మనిషి వేడికి, ఊపిరికి గోమార్లు దుంకుతయని డాక్టరే చెప్పిండు. మరి గా బండ మీద ఎవరున్నరురా? మోతి గా బండ దిక్కే మనిషెత్తుకు తలెత్తి తోక ఊపుతుంది. దయ్యాల్లేవని మీటింగుల్ల అరిచేదాన్ని నేనే. అయినా గబగబ బయటకొచ్చి తాళమేసిన.

అక్క స్వరూప

ఇంకోటి. గా బండ మీద మందు చల్లే ముందు, "బాపూ, జర పక్కకు జరుగు" అని ఒక్కమాట అను.