ఇనుప పీచు ముట్టుకోకండి

విల్లో ఫోర్క్, మోంటానా
మే, 1959

శ్రీమతి మావిస్ టటిల్ గారికి ఎల్డన్ క్రోగ్ నమస్కరించి వ్రాయునది.

మీరు నన్నెరగరు. మీవారు రాయిస్ గారి పాత రివాల్వర్ అమ్ముతున్నట్టు మా ఊరి దాణా కొట్టు గోడ మీద మీ చీటీ చూశాను. దాన్ని కొనదలిచాను. అంటే, కొనాలా వద్దా అని ఆలోచించదలిచాను.

ఏటా ఆగస్టులో మా కౌంటీ జాతరలో పాతకాలం రివాల్వర్లతో గురి పోటీ పెడతారు. ఏటా మొదటి స్థానం మంగలి ఆర్లోది, రెండోది నాది. ఈసారి నా రివాల్వర్ గొట్టం చీలింది. పైగా నా కుడికంట్లో పొర కమ్ముతోందని డాక్టరు తేల్చేశాడు. ఈ ఏడు గెలవకపోతే ఇక గెలిచేది లేదు. గెలిచే తీరాలి.

మన ఊళ్ళ మధ్య కొండలెక్కే ఓపిక నా ట్రక్కుకు లేదు కాబట్టి ముందు ఉత్తరాలతోనే తేల్చుకుందాం. కాల్చే మీట గట్టిగా నొక్కిపట్టి, తూటాల చక్రం వదులుగా ఊగుతుందేమో చూడండి. పై రంగు అసలుదేనా? దానికి చెడ్డ అలవాట్లేమైనా ఉన్నాయా?

ఇట్లు,
తొందరపడే అలవాటు లేని
ఎల్డన్ క్రోగ్

తా.క. మీట నొక్కేముందు తూటాలు తీసేయండి. ఈ మాట పైనే రాయాల్సింది.


బిట్టర్ క్రీక్

క్రోగ్ గారికి నమస్కారాలు.

మీ తా.క. దాకా వచ్చేసరికి ఆలస్యమైపోయింది. నేను క్షేమం. పిండి డబ్బాకు చిల్లు పడింది. చక్రం మాత్రం ఊగడం లేదు.

రాయిస్ మొన్నటి చలికాలంలో పోయాడు. గిలక పాములు ఎదురైతే కాల్చడానికని నడుముకు కట్టుకు తిరిగిన తుపాకి అది. వంటింటి అలమర తెరిచినప్పుడల్లా అదే కనబడుతుంది, ఇక ఆ పూట వంట సాగదు. అందుకే అమ్మేస్తున్నాను. కాని ఎవరో గోడకు తగిలించి చుట్టాలకు చూపించుకోవడానికి మాత్రం ఇవ్వను. వాడే చేతికే ఇస్తాను. నా పట్టు అదొక్కటే.

చెడ్డ అలవాట్లా? మా ఇంట్లో అలాంటివి లేవు. గొట్టం కొసన రంగు వెలిసింది. మీరు బెంగపడకండి, ఇనుప పీచు కొన్నాను. శనివారం కూర్చుని అద్దంలా తోమేస్తాను.

ఇట్లు,
మావిస్ టటిల్

తా.క. పిడి మీద పంటిగాట్లున్నాయి. రాయిస్‌వి కావు, కుక్కవి.


విల్లో ఫోర్క్

మావిస్ గారూ,

ఇనుప పీచు ముట్టుకోకండి. చేతిలో ఉంటే కింద పెట్టండి. పెట్టారా? ఇప్పుడు చదవండి.

పాత తుపాకికి వెలిసిన రంగే అందం. ఏళ్ళ తరబడి తోలు ఒరలో రాసుకుంటే వచ్చిన మచ్చ అది. దాన్ని తోమితే తుపాకి ప్రాణం తీసినట్టే. అలా తోమిన రివాల్వర్‌ని ఒకాయన తెస్తే, మా దాణా కొట్టు పెద్దలు శవం వచ్చినట్టు టోపీలు తీసి నిలబడ్డారు.

ఇక పంటిగాట్ల సంగతి. కుక్క నోటికి అందేలా పారేసినవాడు తుపాకి విలువ తెలిసినవాడు కాదనిపిస్తోంది. అందుకే అనుమానం. వెనక మట్టిగట్టు చూసుకుని, ఒక పేపర్ ప్లేటు నిలబెట్టి, పెద్ద గది దూరం నుంచి ఆరు తూటాలు కాల్చి, ఆ ప్లేటు పంపండి. అప్పుడు ఆలోచిస్తాను.

ఇట్లు,
కంగారు తగ్గని
ఎల్డన్ క్రోగ్

తా.క. తుపాకి దొరికిందా అని ఆర్లో అడిగాడు. లేదన్నాను. ఆ సంతోషంలో నా జుట్టు మరీ పొట్టిగా కత్తిరించేశాడు.


బిట్టర్ క్రీక్

అయ్యా,

విలువ తెలియనివాడా? రాయిస్ రోజూ గొడ్ల దగ్గర్నుంచి రాగానే ముందు ఆ తుపాకి తుడిచేవాడు, ఆ తర్వాతే నాతో మాట్లాడేవాడు. ఒక్కరోజు, కుక్క పిల్లలు పెడుతుంటే, కంగారులో ఒర విప్పి దాని పక్కన పడేశాడు. నొప్పులు పడుతూ అది పిడి కొరికింది. ఆ గాట్లను వేలితో తడుముతూ ఎంత నవ్వుకునేవాడో మీకేం తెలుసు? ఆ మాట రాసినందుకు మీమీద నాకు కోపంగా ఉంది, అది దాచుకోను.

ప్లేటు జతచేశాను. ఒక్కటే చిల్లు. మిగతావి గట్టు పక్కన ఆరేసిన దుప్పటికి తగిలాయి. దుప్పటి పంపడం లేదు.

ఇట్లు,
మావిస్ టటిల్

తా.క. కొన్న ఇనుప పీచుతో పొయ్యి తోమాను. పొయ్యి ప్రాణం పోలేదు.


విల్లో ఫోర్క్

మావిస్ గారికి,

తప్పు నాదే, క్షమించండి. కుక్క కథ రెండుసార్లు చదువుకున్నాను.

అయితే చిల్లు ప్లేటు కింది అంచున పడింది. ఆవును పిండినట్టు చేయంతటితో పిసుకుతున్నారని నా అనుమానం. వేలొక్కటే కదలాలి, తక్కిన చెయ్యి నిద్రపోవాలి. పేలుతుందని ముందే ఉలిక్కిపడకండి. ఎప్పుడు పేలిందో మీకే తెలియకూడదు. చూపు ప్లేటు మీద కాదు, గొట్టం కొసన ఉన్న గుర్తు మీద ఉంచండి. తప్పు తుపాకిదా, చేతిదా తేలేదాకా రోజూ కాల్చి ప్లేట్లు పంపుతూ ఉండండి. తేలకుండా నేను కొనను.

ఇట్లు,
ఎల్డన్ క్రోగ్

తా.క. దయచేసి వాడని ప్లేట్లు పంపండి. పోయినసారి పంపినదానికి పండ్ల ముద్ద అంటుకుని ఉంది. చిల్లేదో, పండేదో తెలుసుకోవడానికి నాకాల్సి వచ్చింది. పండు బాగుంది.


బిట్టర్ క్రీక్
జూలై

క్రోగ్ గారికి,

ఈ వారం ప్లేటు చూడండి. ఆరు చిల్లుల మీద ఒక కాఫీ కప్పు బోర్లిస్తే అన్నీ మూసుకుపోతాయి. పక్కింటి ఇంగా చూసి, “వదినా, ఇకనుంచి మా కోళ్ళు మీ పెరట్లోకి రావులే” అంది.

ఇట్లు,
మావిస్

తా.క. పొద్దున్నే పొయ్యి రాజేయకముందే కాలుస్తున్నాను. ఈ మధ్య వంట కూడా సాగుతోంది.


విల్లో ఫోర్క్

మావిస్ గారికి,

నిజం చెప్పండి. గొట్టం ప్లేటుకు ఆనించి కాల్చారా, పెన్సిలుతో పొడిచారా? దాణా కొట్టులో అందరికీ చూపించాను. పెన్సిలే అన్నారు. నేనొక్కడినే మీ పక్షాన నిలబడ్డాను, అదీ కొంచెం సేపే.

సరే, ఆలోచన పూర్తయింది. కొంటాను. నిజానికి మొదటి ఉత్తరంలోనే మనసు పడ్డాను. వంకలు పెట్టకుండా పాత తుపాకి కొంటే మావాళ్ళు చిన్నచూపు చూస్తారని ఇంత దూరం లాగాను. శనివారం మా మేనల్లుడి ట్రక్కులో వస్తున్నాను. ఈసారి ఆర్లో సంగతి తేల్చేస్తాను.

ఇట్లు,
నిశ్చయించుకున్న
ఎల్డన్ క్రోగ్

తా.క. పండ్ల ముద్ద ఏమైనా మిగిలిందా?


బిట్టర్ క్రీక్

ఎల్డన్ గారికి మావిస్ నమస్కరించి వ్రాయునది.

శనివారం రండి, భోజనం పెడతాను. తుపాకి మాత్రం అమ్మను.

వాడే చేతికే ఇస్తానన్నాను. ఆ చెయ్యి దొరికింది, నాదే. మీరు వేసవంతా ఆలోచిస్తూ కూర్చుని ఆ చేతికి అన్నీ నేర్పారు. మొదట్లో ఆ తుపాకి చూస్తే రాయిస్ లేడని గుర్తొచ్చేది. ఇప్పుడు పిడి మీది గాట్లు వేళ్ళకు తగిలితే, ఆయన పక్కనే నిలబడి నవ్వాపుకుంటున్నట్టు ఉంటుంది. దాన్నెలా అమ్మను?

మీ జాతర పెద్దలకు ఫోన్ చేసి పోటీలో నా పేరు రాయించాను. ఒకే తుపాకితో ఇద్దరు కాల్చవచ్చా అని కూడా అడిగాను. కాల్చవచ్చట. కాబట్టి ముందు మీరు కాల్చండి, పొద్దుటి వెలుగు మీ కంటికి మంచిది. మీ తర్వాత నేను. నా చెయ్యి చెప్పినట్టు వింటే ఆర్లో ఇంటికి మూడో స్థానం పట్టుకెళ్తాడు. మొదటిదెవరిదో మనిద్దరం అక్కడే తేల్చుకుందాం. వయసుకూ కంటి పొరకూ జాలిపడి వదిలేస్తాననుకోకండి.

ఇట్లు,
మీ శిష్యురాలు
మావిస్ టటిల్

తా.క. చీలిపోయిన మీ రివాల్వర్‌ని గోడకు తగిలించుకోండి. ఇనుప పీచు ఇంకా మిగిలే ఉంది, జాతరకు తీసుకొస్తాను.