రెండు చుట్లు

నాన్నా కొక్కిరాయీ,

నీ పొడుగు కాళ్ళు చూసి ఆ పేరు పెట్టింది నీ స్నేహితుడు, నా కొడుకు. వాడు పోయాక అలా పిలవడానికి నేనొక్కదాన్నే మిగిలాను. నా రాత కోడిగీతలు, ఓపిగ్గా చదువుకో.

వాడి తెరచాప సంచి తెచ్చుకుందామని మీ పడవల క్లబ్బుకి వెళ్ళాను. బోర్డు మీద ఆఖరి రేసులో నీకు ఆఖరి స్థానం వేశారు. మావాడి పడవ బోల్తా పడితే నువ్వు ముందు పోతూ పోతూ వెనక్కి తిప్పావు. గట్టుమీద అందరూ చూశారు. పడవలు దించే తాత అన్నాడు: "ఆపదలో ఉన్నవాడికి సాయం చేసి వెనకబడితే, ఆ నష్టం పూడ్చమని అడగొచ్చమ్మా. మిగతా రేసుల పాయింట్ల సగటు ఇస్తారు. మనిషి పోయాడని గడువు కూడా శనివారం దాకా పొడిగించారు. ఈ అబ్బాయేమో నోరు మెదపడు."

అడిగితే బయటి పోటీలకెళ్ళే జట్టులో చోటు నీదేనట. తక్కువ పాయింట్లవాడు గెలిచే మీ లెక్క నాకు తిరకాసుగానే ఉంది గానీ, నీది నీకు రావాలన్నది అర్థమైంది. ఎందుకు అడగవు?

నేను తెరచాపల షాపులో పనికి వెళ్తున్నాను. మడతపెట్టే పని చేస్తున్నాను, కుట్టు మిషను జోలికి పోవడం లేదు.

ఇట్లు,
అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

అడగలేనమ్మా. వాడి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. దానికి పాయింట్లు ఇమ్మని ఏ మొహంతో అడగను?

పైగా విచారణలో కూర్చోబెట్టి మొదట్నించీ అడుగుతారు, వాడి పడవ అందరికీ దూరంగా ఎందుకుంది, ఏం చేస్తోంది అని. అది చెప్పడం నాకిష్టం లేదు. జట్టు పోతే పోనీ. వేళకి తింటున్నావా?

నీ కొక్కిరాయి

*

కొక్కిరాయికి,

ఏది చెప్పడం ఇష్టం లేదు? ఆ మాటే మళ్ళీ మళ్ళీ చదివాను. సరే, నేనే చెప్తాను.

వాడి పడవ ఉన్నచోటే బొంగరంలా తిరిగి పడిపోయిందని గట్టుమీద చెప్పుకున్నారు. దానికి ముందువారమే వాడి తెరచాప చిరుగు నేను కుట్టాను. "మా అమ్మ కుట్టు ఇనప కుట్టు" అని వెక్కిరిస్తూ పట్టుకెళ్ళాడు. ఆ కుట్టు ఊడి, చాప చీలి, పడవ అదుపు తప్పింది. అంతే కదా. అది నా మొహంమీద చెప్పలేక నువ్వు జట్టే వదులుకుంటున్నావు.

సంచి మంచం కింద పెట్టుకున్నాను. మూతి విప్పే ధైర్యం లేదు. నన్ను కాపాడకు. రేపే శనివారం. ఇది తాత చేతికిచ్చి పంపుతున్నాను, ఉన్నదున్నట్టు రాయి.

అమ్మ

*

అమ్మా,

జవాబివ్వందే కదలనని తాత ఎదురుగా కూర్చున్నాడు.

కుట్టు కాదమ్మా. నువ్వు ఇన్నాళ్ళూ ఇది మోస్తున్నావని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

పడవలు మలుపు తిరగాల్సిన చోట నీళ్ళమీద తేలే గుర్తు, బోయా ఉంటుంది; దాని దగ్గర ముందు వెళ్ళే హక్కు నాది. వాడు దూరి నా పడవకి తగిలాడు. తప్పు వాడిదే. ఎవరూ చూడలేదు, నేనూ అరవలేదు. మా ఆటలో ఈల ఊదేవాడు ఉండడు. తప్పు చేసినవాడే తెలుసుకుని, పక్కకి తప్పుకుని, పడవని రెండు చుట్లు తిప్పి మళ్ళీ బయల్దేరాలి. వాడు నా వైపు చెయ్యెత్తి, నవ్వి, పక్కకెళ్ళాడు. రెండో చుట్టులో ఉండగా గాలి కొట్టింది.

తిరగకపోతే బతికుండేవాడు. నీ కొడుకు ఆఖరి ఆటలో తప్పు చేశాడని పదిమందిలో చెప్పి నేను జట్టులో చేరాలా?

కొక్కిరాయి

*

మా కొక్కిరాయికి,

నీ ఉత్తరం చదివి, "వెళ్ళి అడగమను" అని తాతతో ఒక్క మాటే చెప్పి పంపాను. అలా ఎందుకన్నానో ఇప్పుడు రాస్తున్నాను.

తాత వెళ్ళాక సంచి విప్పాను. చాప పరవడానికి మంచం బయటికి జరపాల్సొచ్చింది. కుట్టు దగ్గర వేళ్ళు దూర్చి బలంకొద్దీ లాగాను. ఒక్క పోగు ఊడలేదు. అప్పుడు ఏడ్చాను. అప్పటిదాకా నాకు ఏడ్చే హక్కు లేదనిపించేది.

చిన్నప్పుడు వాడు ఏదైనా పగలగొడితే, నేను పని నుంచి వచ్చేసరికి గోడవైపు తిరిగి నిలబడి ఉండేవాడు. ముందు వాడి వీపు కనిపించేది, తర్వాత పగిలిందేమిటో వెతుక్కునేదాన్ని. ఒకసారి ఎంత వెతికినా దొరకలేదు. "ఏం పగలగొట్టావురా" అంటే, "ఇంకా లేదమ్మా, పొద్దున్నించీ పగలగొట్టాలనిపిస్తోంది" అన్నాడు. అలాంటివాడు తిరక్కుండా ఎలా పోతాడు?

తగలడం తప్పే. చుట్లు తిరిగి అది తీర్చుకున్నాడు. నువ్వు తప్పు దాస్తే ఆ చుట్లు కూడా దాగిపోతాయి, గట్టుమీద వాళ్ళకి వాడు పడవ నడపడం చేతకానివాడిగానే మిగిలిపోతాడు.

నిన్న విచారణ గది బయట బల్లమీద నేనున్నాను, నువ్వు చూడలేదు. తీర్పులో నీకు సగటు పాయింట్లు ఇస్తున్నామని చదివినప్పుడు కాదు, దానికి ముందు, "ఎవరూ అడక్కుండానే తప్పుకుని శిక్ష చుట్లు తిరుగుతుండగా" అని చదివారు చూడు, అప్పుడు నా పక్కనున్నాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ చాప నీ పడవకి సరిపోతుందట. అంచు అరిగింది, పొద్దున్నించీ మిషను దగ్గర కూర్చుని కుడుతున్నాను. జట్టుతో బయల్దేరేలోపు వచ్చి పట్టుకెళ్ళు. ఎవరికైనా తగిలితే తిరుగు నాన్నా. గాలి చూసుకుని తిరుగు.

అమ్మ